రేవు దాటేలోగా – లంక గ్రామంలో గృహవైద్యం

లంక అనగానే చాలామందికి రావణుని రాజధాని స్ఫురిస్తుంది. గోదావరి జిల్లాల వారికి మాత్రం ఆ మాటకు అర్థం వేరు. నదీగర్భంలో ఇసుక మేట వేసి, దానిమీద ఏటేటా వరద తెచ్చిన ఒండ్రు పేరుకొని, గడ్డి మొలిచి, తుదకు మనుషులు కాపురముండగలిగినంత ఎత్తు పెరిగిన నేలను మేము లంక అంటాము. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ మొదలైన పాయలుగా చీలి సముద్రంలో కలిసేవరకు ఇటువంటి లంకలు ఎన్నో ఉన్నాయి. బూరుగులంక, ఊడిమూడిలంక, అయోధ్యలంక, కనకాయలంక, గోగుల్లంక, పశువుల్లంక వంటి పేర్లు వార్తాపత్రికలలో వరదల కాలంలో మాత్రమే కనిపిస్తాయి. నీరు తీయగానే ఆ పేర్లు కూడా కనుమరుగవుతాయి.

మా అమ్మమ్మగారిది అటువంటి ఒక లంక. నా బాల్యంలో సెలవులన్నీ అక్కడే గడిచాయి. వైద్యవిద్య చదివే రోజులలోనూ పుస్తకాల సంచీతో అక్కడికే పరుగెత్తేవాడిని. గృహవైద్యం గురించి పాఠకులు ఎన్నో ప్రశ్నలు వ్రాస్తుంటారు. ఏ ఆకు ఏ వ్యాధికి పనిచేస్తుందన్నదే వాటిలో అధికం. ఏ వ్యాధి దగ్గర ఆకును పక్కన పెట్టి పడవ ఎక్కవలసి ఉంటుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది. నేను ఆ రెండవ విషయాన్ని నేర్చుకున్నది కళాశాలలో కాదు, లంకలో. అదీ నా పొరపాటు వలన.

గట్టుకు లోపలి బ్రతుకు

కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలం చేసిందని అందరికీ తెలుసు. ఆ డెల్టాను వరద నుండి కాపాడేవి నదికి ఇరువైపులా ఉన్న ఏటిగట్లు. గట్టుకు అవతలి గ్రామాలకు అవి కోటగోడలు. లంకలు మాత్రం గట్టుకు లోపల, అంటే నది వైపున ఉంటాయి. గట్టు ఎంత ఎత్తు పెరిగితే లంకలోకి నీరు అంత ఎత్తున వస్తుంది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. గట్టు మీది ఊళ్లలో మొదటి హెచ్చరికకు పెద్దగా చలనం ఉండదు. లంకలో అప్పటికే గేదెలను గట్టుకు తోలుతూ ఉంటారు.

అందుకే అక్కడ ఇళ్ల అరుగులు నిలువెత్తు. ప్రతి ఇంటికీ అటక తప్పనిసరి. వరద వస్తున్నదని తెలిసిన వెంటనే అటక ఎక్కించే వస్తువులలో మొదటిది మా అమ్మమ్మ రేకుపెట్టె. అందులో పైఅరలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, ఇంగువ, కరక్కాయలు, పసుపుకొమ్ములు, తాటిబెల్లం, చిల్లగింజలు. క్రిందిఅరలో భూమి దస్తావేజులు, శిస్తు రసీదులు. ప్రాణానికీ ఆస్తికీ ఒకటే పెట్టె. చిన్నతనంలో ఆ కాగితాలన్నీ ఇంగువ వాసన వేయడం నాకు వింతగా ఉండేది.

ఆ ఆస్తి సంగతి కూడా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే బయటివారికి ఇది అంత సులభంగా అర్థం కాదు. మెరక మీద పొలం కొన్నవాడికి పొలం కదలదు. లంకలో పొలం కదులుతుంది. గోదావరి ఒక ఒడ్డును కోసి మరొక ఒడ్డున మేట వేస్తుంది. పట్టా ఉన్న భూమి ఏటిలో కలిసిపోతే కాగితం మాత్రం మిగులుతుంది. ఎదురుగా కొత్తగా తేలిన నేల కంటికి కనిపిస్తూనే ఉంటుంది కానీ అది మనది కాదు. నదీగర్భం ప్రభుత్వపు ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణ చట్టమే చెప్పింది. అటువంటి లంక భూములను వాటి స్థిరత్వాన్ని బట్టి ప్రభుత్వం ఎ, బి, సి అని మూడు తరగతులుగా చూస్తుంది. కోతకు గురయ్యే అవకాశం అధికంగా ఉన్నవి చివరి తరగతిలోకి వస్తాయి. మా మావయ్య ఒకసారి నవ్వుతూ, “నా భూమిని గోదావరి అవతలోడి దగ్గర అట్టే పెట్టిందిరా, అడిగితే ఇవ్వడు,” అన్నాడు. ఆ నవ్వు వెనుక ఎంత కష్టం ఉన్నదో అప్పుడు గ్రహించే వయస్సు నాకు లేదు.

అయినా మనుషులు అక్కడే ఎందుకు ఉంటారని అడిగేవారున్నారు. వరద తెచ్చే ఒండ్రే దానికి సమాధానం. లంక మట్టిలో కంద, పసుపు, అరటి, మిరప, కూరగాయలు పండే తీరు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. లంక పొగాకుకూ, దానితో చుట్టిన చుట్టలకూ ఒకప్పుడు దేశమంతటా పేరు ఉండేది. మా ఊరికి పేరు తెచ్చిన పంటే అయినా, ఆరోగ్య పత్రికలో దానిని పొగడడానికి నా కలం సాగదు.

ఎర్రనీరు – చిల్లగింజ

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. బిందె ముంచితే చిక్కని కాఫీ వలె ఉంటుంది. వరదలో బావులు మునిగిపోయినప్పుడు త్రాగడానికి ఆ నీరే గతి. అప్పుడు అమ్మమ్మ రేకుపెట్టెలోంచి చిల్లగింజ తీసేది. దీనినే కొన్నిచోట్ల ఇండుపగింజ అంటారు, సంస్కృతంలో కతకం. మట్టికుండ లోపలి గోడకు కొద్ది నీటితో ఈ గింజను గంధం అరగదీసినట్లు అరగదీసి, నీరు పోసి, ఒకసారి కలియబెట్టి, కదపకుండా రాత్రంతా ఉంచాలి. బిందెడు నీటికి ఒక గింజ చాలును. తెల్లవారేసరికి బురదంతా అడుగున పేరుకొని పైనీరు తేటపడుతుంది. సుశ్రుతుడు సూత్రస్థానంలో కలుషిత జలాన్ని తేటపరచే ఏడు సాధనాలను చెబుతూ మొట్టమొదట కతకాన్నే పేర్కొన్నాడు. పోషణ సరిగా లేని లంకవాసి ఇంటిలో శాస్త్రం ఇలా నిత్యవ్యవహారంగా నిలిచి ఉండటం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

అయితే పాఠకులు ఒక విషయం మరువరాదు. తేటనీరు వేరు, శుద్ధమైన నీరు వేరు. చిల్లగింజ బురదను దించుతుంది గాని రోగక్రిములను పూర్తిగా తొలగించదు. తేరిన నీటిని వేరొక పాత్రలోకి వంచి, బాగా తెర్లించి, చల్లార్చి మాత్రమే త్రాగాలి. అమ్మమ్మకు క్రిముల సంగతి తెలియదు. కానీ వరద నీటిని కాచకుండా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మరొక జాగ్రత్త: ముష్టిగింజ కూడా ఈ కుటుంబానికి చెందినదే, అది విషం. ముష్టిగింజ బిళ్లవలె చదునుగా, నూగుతో మెరుస్తూ ఉంటుంది. చిల్లగింజ చిన్నది, గుండ్రనిది. గుర్తు పట్టలేనివారు తెలిసిన మూలికల దుకాణంలోనే కొనడం క్షేమం.

వరద తరువాత వచ్చే విరేచనాలకు అమ్మమ్మ ఇచ్చేది ఉప్పు వేసిన బియ్యపు గంజి. పిల్లవాడు వద్దని ఏడ్చినా చెంచాతో కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండేది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్ సరిహద్దున శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరినో బ్రతికించారు. అదీ ఒక డెల్టా దేశమే. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాను అంచువరకు మాత్రమే నింపాలి, గోపురంగా కాదు. ఉప్పు అధికమైతే పసిపిల్లలకు ప్రమాదం. దుకాణంలో పొట్లం దొరికితే అదే మేలు. బిడ్డ కళ్లు లోతుకు పోయి, మూత్రం ఆగి, మగతగా ఉంటే మాత్రం గంజి కాస్తూ కూర్చోరాదు.

బురదలో నానిన కాళ్ల వేళ్ల సందులు పాచిపోతే శుభ్రమైన నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పసుపు కలిపిన వేపనూనె రాసేవారు. ఆరనివ్వడమే అసలు మందు, నూనె దానికి తోడు. జలుబు, దగ్గులకు రెండు గ్లాసుల నీటిలో అర చెంచా శొంఠిపొడి, ఐదు మిరియాలు, గుప్పెడు తులసి ఆకులు వేసి ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, తాటిబెల్లంతో రెండు పూటలుగా ఇచ్చేవారు. కడుపుమంట ఉన్నవారికి ఇది సరిపడదు. ఇక జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడి, పిక్కలు పట్టేసి, మూత్రం పసుపురంగులో వస్తుంటే అది ఎలుకల మూత్రం కలిసిన నీటివలన వచ్చే జ్వరం కావచ్చును. దానికి కషాయం చాలదు. వైద్యుడు వెంటనే చూడవలసిన వ్యాధి అది.

పడవ

లంకలో దూరాన్ని మైళ్లలో కొలవరు. వేసవిలో రేవు అంటే కాళ్లు కాలే ఇసుకలో నడక, ఆపైన మోకాలిలోతు నీరు. కొన్నిచోట్ల తూములు వేసి తాత్కాలికంగా గట్టు పోస్తారు, బండ్లు కూడా నడుస్తాయి. ఎర్రనీరు రాగానే ఆ గట్టు కొట్టుకుపోతుంది. బూరుగులంక రేవులో ఈ తంతు చూడనివారు ఆ ప్రాంతంలో ఉండరు. వరదలో పడవను తిన్నగా అవతలికి వేయరు. ఒడ్డు వెంబడి ఎగువకు చాలాదూరం లాక్కొనిపోయి, అక్కడ వదిలి, ప్రవాహం దిగువకు నెడుతుండగా ఏటవాలుగా తెడ్లు వేస్తూ ఎదుటి రేవుకు చేరుస్తారు. కొట్టుకువచ్చే చెట్ల మానులను గడలతో నెట్టడానికి ముందు ఒకడు నిలబడతాడు. అటువంటి ప్రయాణం పిల్లలు బడికి వెళ్లడానికి కూడా చేయవలసి ఉంటుంది. 2018 జూలైలో పశువుల్లంక వద్ద బడిపిల్లలతో వస్తున్న పడవ, నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడినది. అది వారి కష్టం తీర్చడానికి కడుతున్న వంతెనే.

1986 ఆగస్టు

ఆ నెలలో వచ్చిన వరద ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటినది. మా లంకలో ఇళ్ల కప్పులు మాత్రమే కనిపించాయి. అందరమూ గట్టు మీద రోజులు గడిపి, నీరు తీసిన తరువాత తిరిగి వచ్చాము. ఇంటినిండా బురద, చెత్తాచెదారం. మంచాల నులక కుళ్లిపోయినందున వాటిని బయట పడవేశారు. ఆ రాత్రి అందరూ కడిగిన గచ్చు మీద చాపలు పరచుకొని పడుకున్నాము.

తెల్లవారుజామున మావయ్య కడుపునొప్పి అని లేచాడు. ఒకసారి వాంతి అయినది. నేను అప్పటికి వైద్యవిద్యలో మూడవ సంవత్సరం. నాడి పట్టి చూశాను. నీళ్లలో నానిన శరీరం, వేళ తప్పిన తిండి, కనుక ఇది వాతశూల అని నిర్ణయించాను. వాము, సైంధవలవణం నూరి వేడినీటితో ఇచ్చాను. బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేశాను. కొంచెం తగ్గినదన్నాడు. అత్తయ్య నన్ను చూసి, “మా అల్లుడు డాక్టరయ్యాడు,” అని మురిసింది. ఆ మురిపెంలో దాదాపు గంట గడిచిపోయింది.

అమ్మమ్మ గేదెల దగ్గర నుండి వచ్చి కొడుకు ముఖం చూసింది. మందు ఏమిచ్చావని అడగలేదు.

“ఒరేయ్, వాడి రెప్పలు చూశావా?”

“నిద్ర చాలలేదే అమ్మమ్మా.”

“కడుపునొప్పికి రెప్పలెందుకు వాలతాయిరా? పడవ కట్టించండి!”

ఒంటిమీద కాటు ఎక్కడా కనిపించలేదు. వాపు లేదు. చాప క్రింద, చెత్తలో వెదకడానికి కూడా ఆమె ఎవరినీ ఉండనివ్వలేదు. పసరు వేసేవాడు ప్రక్క వీధిలోనే ఉన్నాడు. అతనికి కబురు పెడదామని ఎవరో అంటే, “పసరు పడవలో వేయమను, వస్తే ఎక్కమను,” అన్నది. అతడు వచ్చి పడవ ఎక్కాడు, కానీ పసరు వేయలేదు. తెడ్డు వేశాడు. ఏరు ఇంకా ఉరవడిగానే ఉన్నది. నడి ఏటిలో మావయ్య మాట ముద్దగా మారినది. ఉమ్మి మింగలేకపోయాడు. గట్టు చేరి ట్రాక్టరు మీద పట్టణానికి వెళ్లేసరికి ఊపిరి పైపైన ఆడుతున్నది.

అది కట్లపాము కాటు అని వైద్యులు చెప్పారు. విషానికి విరుగుడు సూదిమందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, రబ్బరు సంచీని చేతితో నొక్కుతూ ఊపిరి అందించారు. ఆ సంచీని రెండు రాత్రులు, ఒక పగలు మేము వంతులవారీగా నొక్కాము. నా వంతు వచ్చినప్పుడల్లా, నేను వాము నూరిన ఆ గంట గుర్తుకు వచ్చేది. మూడవనాడు మావయ్య కళ్లు తెరిచాడు.

పాఠకులు దీనిని జాగ్రత్తగా గమనించ ప్రార్థన. కట్లపాము రాత్రివేళ, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు నొప్పి చాలా స్వల్పం, గుర్తు కనిపించకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, ఆపైన రెప్పలు వాలడం, మాట తడబడటం, మింగలేకపోవడం దీని వరుస. ఏ కారణమూ లేని కడుపునొప్పితో లేచినవారి రెప్పలను మొదట చూడండి. పాముకాటు అనుమానం కలిగితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. సుశ్రుతుడు కాటుకు పైభాగాన అరిష్టాబంధనం చెప్పిన మాట నిజమే. కానీ బిగించిన కట్టు వలన రక్తం ఆగి అవయవం చెడిపోయిన సందర్భాలు ఉన్నందున నేటి వైద్యం దానిని వద్దంటున్నది. నేనూ వద్దనే అంటాను. కాటుపడిన అవయవాన్ని కదలకుండా ఉంచి, రోగికి ధైర్యం చెప్పి, నడిపించకుండా మోసుకొని ఆస్పత్రికి చేర్చండి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేసే విరుగుడు మన దేశంలో ఒకటే మందుగా తయారవుతున్నది. ఏ పాము కరిచిందో తెలియనక్కరలేదు, పామును వెదకి చంపి తీసుకొని వెళ్లనక్కరలేదు. వరద తరువాత మంచం మీద పడుకోవడం, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపడం ఏ మూలిక కన్నా గొప్ప రక్ష.

ఇప్పుడు

2005 నుండి 108 వాహనాలు వచ్చాయి. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో ప్రారంభమైన తరువాత కోనసీమకు కాకినాడ దగ్గరైనది. కానీ వంతెన లేని లంకకు 108 వస్తే అది రేవు దగ్గరే ఆగుతుంది. 2022 జూలై వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలవారు మళ్లీ గట్టెక్కారు. గర్భిణులను నెలలు నిండకముందే గట్టు మీది బంధువుల ఇళ్లకు పంపడం ఆనవాయితీ. ఇది వ్రాయని వైద్యశాస్త్రం. వరద నెలల్లో ఎనిమిదవ నెల నిండిన ఏ స్త్రీనీ లంకలో ఉంచరాదని అమ్మమ్మ పట్టుదల.

అమ్మమ్మ పోయిన తరువాత రేకుపెట్టె నాకు వచ్చినది. పైఅరలో శొంఠి, వాము, చిల్లగింజలు ఇప్పటికీ ఉంచుతున్నాను. వాటి ప్రక్కన లవణాల పొట్లాలు, టార్చిలైటు, దోమతెర, పడవవాని ఫోను నంబరు చేరాయి. క్రిందిఅరలోని దస్తావేజులను మావయ్య తీసుకోలేదు. ఆ కాగితాలలోని మూడెకరాల ఇరవై సెంట్లు 1990వ దశకంలోనే కొంచెం కొంచెంగా ఏటిలో కలిసిపోయాయి. ఆయన గట్టు మీద ఇల్లు కట్టుకొని, కౌలుకు అరటి వేసుకొని బ్రతికాడు. క్రిందటి వేసవిలో లంకకు వెళ్లినప్పుడు పడవవాడు రేవుకు ఎడంగా, లోతున్న చోట నుండి పడవ పోనిచ్చాడు. సర్వే రాయి ఆనవాళ్లను బట్టి లెక్క వేసి చూస్తే, మేము దాటుతున్నది మావయ్య పొలాన్నే.